మోటారు పీకేసిన కుట్టుమిషను, నా షుగరు

పోయిన సంక్రాంతి ముందు టెస్ట్ చేయిస్తే, మూడు నెలల సగటు షుగరు చూపే నా హెచ్‌బీఏ1సీ 8.6 వచ్చిందండి. మాది ఆత్రేయపురం దగ్గర ఊరు, నేను బట్టలు కుడతాను, మిషనుకి మోటారు పెట్టించాక పొద్దున్నించీ సాయంత్రం దాకా కాళ్ళు కదిలేదే లేదు. డాక్టరు గారు బిళ్ళలు రాసి రోజూ నడవమన్నారు, బిళ్ళలు వేసుకుంటున్నాను కదా, మళ్ళీ నడక దేనికిలే అని ఊరుకున్నాను.

మా చెల్లి కొడుకు కాకినాడలో మెడిసిన్ చదువుతున్నాడు, సెలవులకి వచ్చినప్పుడు కూర్చోబెట్టి చెప్పాడు. "పెద్దమ్మా, కండలోకి చక్కెర వెళ్ళాలంటే గ్లూట్4 అని తలుపులు కావాలి, అవి కణం లోపల ఉంటాయి, ఇన్సులిన్ పిలిస్తే పైకొస్తాయి, నీకు ఆ పిలుపు సరిగ్గా వినపడట్లేదు. కండ కదిలితే మాత్రం ఇన్సులిన్ పిలవకపోయినా పైకొస్తాయి" అన్నాడు. అంతే కాదంట, కదిలే కండ రక్తంలోకి కబుర్లు కూడా పంపుతుందంట, వాటికి మయోకైన్లు అని కోపెన్‌హేగెన్‌లో పెడర్సన్ అనే డాక్టరమ్మ వాళ్ళు పేరు పెట్టారంట. అందులో ఐఎల్-6 అనేది పేగులోని కణాలకి చెప్తే అవి జీఎల్‌పీ-1 అనే హార్మోను వదులుతాయి, అది క్లోమానికి ఇన్సులిన్ పంపమని చెప్తుంది, 2011లో ఎలుకల్లో చూశారంట. నా కాలి పిక్క వెళ్ళి పేగుతో మాట్లాడుతుందా అని ఆ రాత్రి చాలాసేపు అదే ఆలోచించానండి.

మర్నాటి నించీ భోజనం అయ్యాక కాలవ గట్టు మీద నడక. మొదటి రోజు వెళ్ళే ముందు గ్లూకోమీటర్‌లో 214, నలభై నిమిషాలు నడిచొచ్చాక 163, నమ్మలేక ఇంకో వేలు గుచ్చి మళ్ళీ చూశాను.

ఒక తప్పు చేశాను, అది చెప్పాలి. షుగరు దించే గ్లిమిపిరైడ్ బిళ్ళ వేసుకుని టిఫిన్ తినకుండా పొద్దున్నే బయల్దేరాను, లాకుల దగ్గరికొచ్చేసరికి చెమటలు, చేతులు వణుకు, కళ్ళు మసకలు. టీ కొట్టాయన చక్కెర నీళ్ళు కలిపిచ్చాడు, ఇంటికొచ్చి చూస్తే అప్పటికి కూడా షుగరు బాగా పడిపోయి 66. డాక్టరు గారు ఆ బిళ్ళ సగం చేసి, పరగడుపున వెళ్ళొద్దన్నారు. ఆ బిళ్ళ గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్ళు అడక్కుండా మొదలుపెట్టకండి, జేబులో గ్లూకోజ్ ఉంచుకోండి.

వానలకి నాలుగు రోజులు మానేస్తే పరగడుపు షుగరు మళ్ళీ ఎక్కింది, నడక వల్ల వచ్చే గుణం ఒకటి రెండు రోజులే ఉంటుందంట, అందుకే వరసగా రెండు రోజులు మించి మానకూడదంటారు. మూడు నెలలకి హెచ్‌బీఏ1సీ 7.2 వచ్చింది. మిషను మోటారు పీకించేశాను, ఇప్పుడు జాకెట్లన్నీ కాళ్ళతో తొక్కే కుడుతున్నాను.