అలీ మొండి బాకీలు

మా బావగారు మహమ్మద్ అలీని కళ్లారా చూశారు. నేను చూడలేదు. అయినా హెవీవెయిట్ బాక్సర్లలో అందరికన్నా గొప్పవాడు ఎవరన్న మాట వస్తే ఆయన జో లూయిస్ అంటారు, నేను అలీ అంటాను. ఈ తగువు అక్క పెళ్లయిన కొత్తలో మొదలైంది. నలభై ఏళ్లు దాటినా తెగలేదు. ఇక ఇంట్లో ఆ పేర్లు ఎత్తితే కాఫీ ఇవ్వనని అక్క కచ్చితంగా చెప్పడంతో ఆదివారం ఉదయాలకు విశాఖ బీచ్ రోడ్డు మీదకు మార్చుకున్నాం. కాళీమాత గుడి దగ్గర నడక మొదలుపెడితే కురుసుర జలాంతర్గామి వచ్చేసరికి ఇద్దరిలో ఒకరికి కోపం వస్తుంది. తిరుగు నడకలో రెండో ఆయనకు.

బావగారిది నౌకాదళం ఉద్యోగం. కుర్రతనంలో అక్కడే బాక్సింగ్ ఆడారు. 1980లో అలీ మద్రాసు వస్తున్నాడని తెలిసి, సెలవు పెట్టి, హౌరా మెయిల్ జనరల్ పెట్టెలో నిలబడి వెళ్లారు. నెహ్రూ స్టేడియంలో అలీ తన పాత మిత్రుడు జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ ఆడాడు. ఈ కథ ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు, లెక్కలే నా వృత్తి అయినా. ప్రతిసారీ ఒకే చోట ఆగుతారు.

"నడుము దగ్గర ఒళ్లు వచ్చేసిందయ్యా. అంత దూరం నుంచి నాకే కనిపించింది. ఆ ఒంటితో అదే ఏడాది అక్టోబరులో లారీ హోమ్స్ మీదకు వెళ్లాడు. వెళ్లవచ్చునా?"

వెళ్లకూడదు. పది రౌండ్లు దెబ్బలు తిన్నాక అతని మనుషులే పోటీ ఆపించారు. అది నేను ఎప్పుడో ఒప్పుకున్నాను. ఒప్పుకున్నా ఆయన అడగడం మానరు.

నేను ఓడలు కట్టేచోట ముప్పై నాలుగేళ్లు లెక్కలు రాశాను. ఆవర్జా తెరిస్తే నా చూపు జమ వైపు పోదు, ఖర్చు వైపు పోతుంది. ఖర్చు గడిలో సున్నా వేసి తెచ్చినవాడి కాగితాన్ని రెండోసారి తిరగేసే అలవాటు ఇప్పటికీ పోలేదు. అందుకే రాకీ మార్సియానో నాకు మింగుడు పడడు. 49 పోటీలు, 49 గెలుపులు, అందులో 43 నాకౌట్లు. చాలామందికి వాదన అక్కడితో ముగిసిపోతుంది. నేను కాగితం తిరగేస్తాను. 1951లో ఎనిమిదో రౌండులో పడగొట్టింది 37 ఏళ్ల జో లూయిస్‌ను. మరుసటి ఏడాది టైటిల్ తీసుకున్నది 38 ఏళ్ల జెర్సీ జో వాల్కాట్ దగ్గర. 1955లో చివరి పోటీ ఆర్చీ మూర్‌తో, అతనూ నలభై ప్రాంతంలో ఉన్నవాడే. వాల్కాట్ పోటీలో మొదటి రౌండులోనే కిందపడి, పన్నెండు రౌండ్లు అయ్యేసరికి పాయింట్లలో వెనకబడి, పదమూడో రౌండులో ఒక్క కుడిచేతి దెబ్బతో ముగించాడు చూడండి, ఆ దెబ్బకు మాత్రం నమస్కారం.

జో లూయిస్ సంగతి వేరు. 1937 నుంచి 1949 దాకా ఛాంపియన్, 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. 1936లో మాక్స్ ష్మెలింగ్ చేతిలో పన్నెండో రౌండులో నాకౌట్ అయ్యాడు. రెండేళ్ల తర్వాత యాంకీ స్టేడియంలో అదే ష్మెలింగ్‌ను 124 సెకన్లలో ముగించాడు. మా వంటింట్లో పాలు పొంగడానికి అంతకన్నా ఎక్కువ సేపు పడుతుంది. బాకీ తీర్చడమంటే నా దృష్టిలో అదీ. 1942 జనవరిలో బడ్డీ బేర్‌తో ఆడిన పోటీలో తన వాటా సొమ్మును అమెరికా నౌకాదళ సహాయ నిధికి ఇచ్చేశాడు. ఇది చెప్పేటప్పుడు బావగారి ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది, ఆ డబ్బేదో తూర్పు నౌకాదళానికే అందినట్టు. మార్చిలో ఏబ్ సైమన్ పోటీ సొమ్ము సైన్యానికి. అంత ఇచ్చిన మనిషిని తర్వాత పన్నుల శాఖ వదల్లేదు. బాకీ వడ్డీలతో పెరిగి, విశ్రాంతి తీసుకున్నవాడిని మళ్లీ రింగులోకి లాగింది. 1950లో ఎజర్డ్ చార్లెస్ చేతిలో, 1951లో మార్సియానో చేతిలో ఓడింది అలా వచ్చినప్పుడే. ఈ రెండు ఓటములను నేను లూయిస్ పద్దులో రాయను. పన్నుల వాళ్ల పద్దులో రాస్తాను. ఈ ఒక్క విషయంలో మా ఇద్దరికీ ఎప్పుడూ ఏకాభిప్రాయమే.

మరి అలీ ఎందుకు? అలీకి ఐదు ఓటములు. 1971 మార్చిలో జో ఫ్రేజియర్, 1973 మార్చిలో దవడ విరగ్గొట్టిన కెన్ నార్టన్, 1978 ఫిబ్రవరిలో లియాన్ స్పింక్స్. మూడూ తీర్చాడు. నార్టన్‌కు, స్పింక్స్‌కు ఓడిన ఏడాదే సెప్టెంబరులో. ఫ్రేజియర్‌కు 1974లో ఒకసారి, 1975లో మనీలాలో అసలు వడ్డీ కలిపి ఇంకోసారి. మిగిలినవి హోమ్స్, ట్రెవర్ బెర్బిక్. అవి మొండి బాకీలు. 38 ఏళ్లకు, 39 ఏళ్లకు చేసిన అప్పులు ఎవరు తీరుస్తారు?

ఇంకొకటి, ఏ ఆవర్జాలోనూ ఎక్కనిది. వియత్నాం యుద్ధానికి వెళ్లనన్నందుకు 1967లో టైటిల్, రింగులో ఆడే అనుమతి రెండూ లాగేసుకున్నారు. అప్పటికి అతని వయసు 25. మళ్లీ గ్లవ్స్ తొడిగేసరికి 1970 అక్టోబరు. మూడున్నరేళ్లు, అదీ ఆ వయసులో. తిరిగి వచ్చాక అతను పాత అలీ కాదు. కాళ్ల వేగం తగ్గింది కాబట్టి దెబ్బలు కాయడం నేర్చుకున్నాడు. 1974లో కిన్షాసాలో జార్జ్ ఫోర్‌మన్ మీద గెలిచింది అలాగే. అప్పటికి ఫోర్‌మన్ ఆడినవి 40, గెలిచినవి 40. అలీ తాళ్లకు ఆనుకుని, ఆ చేతులు బరువెక్కేదాకా కొట్టించుకుని, ఎనిమిదో రౌండులో పడేశాడు. నాకప్పుడు పన్నెండేళ్లు. నాన్న తెచ్చిన పేపరులో నల్లగా అలుక్కుపోయిన ఫొటోలో ఎవరు పడ్డారో, ఎవరు నిలబడ్డారో కింద రాసింది చదివితే గానీ తెలియలేదు.

కానీ నా ఓటు కిన్షాసాకు కాదు, ఓడిపోయిన 1971 పోటీకి. పదిహేనో రౌండులో ఫ్రేజియర్ ఎడమ హుక్ దవడకు తగిలి అలీ వెల్లకిలా పడ్డాడు. అలాంటి దెబ్బకు పడినవాడు తెల్లవారేదాకా లేవకూడదు. రిఫరీ లెక్క ఐదుకు చేరకముందే లేచి, రౌండు పూర్తిచేసి, పాయింట్లలో ఓడాడు. ఈ దృశ్యాన్ని ఫోనులో బావగారికి ఎన్నోసార్లు చూపించాను. ఆయన ప్రతిసారీ అదే అంటారు: "దెబ్బ ఎవరిదయ్యా? పొగడవలసింది ఫ్రేజియర్‌ను కదా!"

ఆయన వాదనలో నాకు జవాబు దొరకనివి రెండున్నాయి. మొదటిది 1976లో నార్టన్‌తో మూడో పోటీ. "అది కూడా జమ వేసుకుంటున్నావా?" అని అడుగుతారు. వేసుకోను. నిర్ణేతలు అలీ గెలిచాడన్నారు గానీ, నా కంటికి నార్టనే గెలిచాడు. రెండోది ఫ్రేజియర్‌ను అలీ అన్న మాటలు. అనుమతి లేక ఖాళీగా ఉన్న రోజుల్లో తనకు సాయపడిన మనిషిని పత్రికలవాళ్ల ముందు గొరిల్లా అని వెక్కిరించాడు. లూయిస్ ఎవరినీ అలా కించపరచలేదని బావగారు అన్నప్పుడు నేను సముద్రం వైపు చూస్తాను.

టీ బండి అతనికి మా గొడవలో టైసన్ తప్ప ఎవరూ తెలియదు. 91 సెకన్లలో మైకేల్ స్పింక్స్‌ను ముగించిన టైసన్‌ను ఎవరు మరిచిపోతారు? కానీ టోక్యోలో బస్టర్ డగ్లస్‌కు పడ్డ బాకీ తీర్చలేదు, హోలీఫీల్డ్‌కు తీర్చకపోగా చెవి కొరికాడు. టైసన్ పేరు టీ బండి దగ్గర చెల్లుతుంది.

పోయిన నెల నుంచి మా నడకలో మూడో మనిషి చేరింది. బావగారి మనవరాలు, పదహారేళ్లు, రోజూ తెల్లవారుజామున బాక్సింగ్ సాధనకు వెళుతుంది. నిజామాబాద్ నుంచి వచ్చిన నిఖత్ జరీన్ ఒకప్పుడు మన ఊళ్లోనే శిక్షణ తీసుకుందని తెలిసినప్పటి నుంచి దానికి నిద్ర తగ్గింది. దాని దేవుడు ఒలెక్సాండర్ ఉసిక్.

"మీరిద్దరూ బరువు సంగతి వదిలేశారు తాతయ్యా," అంది మొదటి రోజే. "నన్ను ఐదు కిలోలు ఎక్కువున్న అమ్మాయి మీదకు దింపరు. హెవీవెయిట్‌కు పైహద్దే లేదు. మీ మార్సియానో 84 కిలోలు. ఇప్పుడైతే కింది తరగతిలో ఆడించేవాళ్లు. ఉసిక్ ఆ కింది తరగతి నుంచి వచ్చి, తనకన్నా పదిహేను కిలోలకు పైగా ఎక్కువున్న టైసన్ ఫ్యూరీని 2024లో రెండుసార్లు ఓడించాడు."

"అతని ఖర్చు గడిలోనూ సున్నాయే కదమ్మా," అన్నాను.

"ఆ సున్నా ఎక్కడ సంపాదించాడో చూశారా? బ్రీడిస్‌ను రీగాలో, గాసియెవ్‌ను మాస్కోలో, బెల్యూను మాంచెస్టర్‌లో, జాషువాను లండన్‌లో. ఎవరి దేశానికి వెళ్లి వాళ్లను కొట్టి వచ్చాడు."

ఆడుతున్నవాడి ఖాతా ఇంకా మూయలేదని, మూయని ఖాతాకు నిల్వ తేల్చకూడదని చెప్పి తప్పించుకున్నాను. అది విననట్టే ఉండి, వారం రోజులు ఏం చదివిందో గానీ, మొన్న ఆదివారం పిట్టగోడ మీద కూర్చుని ఇడ్లీ తింటూ అడిగింది.

"చిన్నతాతయ్యా, ఎవరి చేతిలో ఓడారో వాళ్ల మీద మళ్లీ గెలవడమే మీ కొలత కదా?"

"అవును."

"అయితే లెన్నాక్స్ లూయిస్‌కు రెండే ఓటములు. 1994లో మెకాల్ చేతిలో, 2001లో రహ్మాన్ చేతిలో. ఇద్దరినీ మళ్లీ ఓడించాడు. హోలీఫీల్డ్‌ను, టైసన్‌ను కూడా గెలిచాడు. మీ అలీకి రెండు మొండి బాకీలున్నాయి. ఇతనికి పైసా బాకీ లేదు."

ఇడ్లీ నా చేతిలోనే ఉండిపోయింది. ముప్పై నాలుగేళ్లలో ఏ ఆడిటరూ నా లెక్కలో ఇంత సులువుగా తప్పు పట్టలేదు. మెకాల్‌ను మళ్లీ ఓడించిన పోటీలో అతను రింగులోనే ఏడుస్తూ ఆడడం మానేశాడని, అదేం గెలుపని ఏదో గొణిగాను. నా మాట నాకే వినిపించలేదు, ఎందుకంటే పక్కన బావగారు పడీ పడీ నవ్వుతున్నారు.

కళ్లు తుడుచుకుని అన్నారు: "నలభై ఏళ్లుగా నేను లూయిస్ అనే కదయ్యా అంటున్నాను!"