సుంకం ముందే తీసేస్తే మిగిలేదెంత?

రెండు దేశాలు వాణిజ్య ఒప్పందం చేసుకుని, ఒకరి సరుకు మీద ఒకరు వేసే దిగుమతి సుంకాలన్నీ పదేళ్ళలో విడతలవారీగా ఎత్తేస్తాం అని రాసుకుంటాయి. నాలుగేళ్ళు తిరిగేసరికి ఎవరో ఒకరు లేచి "ఇంకా ఆరేళ్ళు ఆగడమెందుకు, ఇప్పుడే సున్నా చేసేద్దాం" అంటారు. ఆ వెంటనే ఒక నివేదిక, అందులో లాభం ఇంత అని ఒక పెద్ద అంకె. ఆ అంకె కనబడితే నాకు వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: దేనితో పోల్చి?

చాలామంది తెలియకుండానే సుంకం ఉన్న స్థితిని, అసలు లేని స్థితిని పక్కపక్కన పెట్టి తేడా చూపిస్తారు. కానీ ఆ సుంకం ఎలాగూ పోయేదే కదా, తేదీ కూడా ఒప్పందంలో రాసే ఉంది. కాబట్టి త్వరపడినందువల్ల వచ్చిన లాభం అంటే, ముందుకి జరిపిన ఆ కొన్నేళ్ళలో, ఆ ఏడాదికి ఇంకా మిగిలి ఉండాల్సిన సుంకం మేరకే.

ఒకసారి కుతూహలం కొద్దీ ఎక్సెల్‌లో వేసి చూశాను. పది శాతం సుంకం, ఏటా ఒక్కో శాతం తగ్గుతూ పదో ఏడాదికి సున్నా అవ్వాలి. నాలుగో ఏడాదికి ఆరుకి వచ్చింది. ఐదో ఏడాది ఐదుకి దించే బదులు ఒకేసారి సున్నా చేశారనుకుందాం. అంటే ఆ తర్వాత వరసగా పడాల్సిన 5, 4, 3, 2, 1 శాతాలు పడవు. ఇప్పుడు అర్థశాస్త్రం చెప్పే ఒక పాత సంగతి గుర్తు పెట్టుకోవాలి: సుంకం వల్ల దేశానికి నికరంగా జరిగే నష్టం సుంకంతో సమానంగా పెరగదు, దాదాపు దాని వర్గంతో, అంటే సుంకాన్ని దానితోనే గుణిస్తే వచ్చే అంకెతో, పెరుగుతుంది. ఎందుకంటే సుంకం పెరిగేకొద్దీ ఆగిపోయే కొనుగోళ్ళూ ఎక్కువవుతాయి, ఆగిన ఒక్కో కొనుగోలు మీద పోయే ప్రయోజనమూ ఎక్కువవుతుంది. అందుకే 20 శాతాన్ని 10కి దించితే సుంకంలో సగమే పోయినా నష్టంలో మాత్రం ముప్పావు వంతు పోతుంది. ఆ లెక్కన 25, 16, 9, 4, 1 కలిపితే 55. మొదట్లో ఉన్న పది శాతం సుంకం ఒక్క ఏడాదిలో చేసే నష్టం 100. అంటే ఐదేళ్ళ గడువుని మింగేసి ఇంత హడావుడి చేస్తే తిరిగొచ్చింది, ఒక్క ఏడాది నష్టంలో సగానికి కాస్త పైన! నేను ఇంకాస్త వస్తుందనుకున్నా.

ఖజానా వైపు చూస్తే లెక్క వేరే. 5, 4, 3, 2, 1 కలిపితే 15. దిగుమతుల పరిమాణం మారలేదని మోటుగా అనుకుంటే, మొదటి సుంకం మీద ఏడాదిన్నర వసూలుకి సమానమైన ఆదాయాన్ని ప్రభుత్వం వదులుకుంటోంది. ఈ డబ్బు ఎక్కడికీ మాయమైపోదు, చేతులు మారుతుంది. ఎవరి చేతికి అన్నదే అసలు గొడవ. 2018లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు ఆ భారం దాదాపు మొత్తం అమెరికా దిగుమతిదారుల మీదే పడిందనీ, అమ్మే దేశాలు తమ ధరలు పెద్దగా తగ్గించుకోలేదనీ ఆర్థికవేత్తలు లెక్కలు తీశారు. తగ్గించినప్పుడు కూడా అచ్చంగా అలాగే జరుగుతుందని హామీ ఏమీ లేదు. ఆ వస్తువు అమ్మేవాళ్ళు ఇద్దరో ముగ్గురో అయితే, సుంకం పోయిన మేర ధర పెంచుకుని హాయిగా కూర్చోవచ్చు. అప్పుడు మన ఖజానా సొమ్ము వాళ్ళ లాభాల పద్దులోకి వెళ్ళినట్టే.

మరి ఎవరు తొందరపెడతారు? చాలాసార్లు కంపెనీలే. కెనడా, అమెరికాల ఒప్పందం 1989 జనవరిలో మొదలైంది, సుంకాలు పోవడానికి పదేళ్ళ గడువు. ఏడాది దాటిందో లేదో, 1990లోనే మొదటి విడత వస్తువుల మీద సుంకాల్ని గడువు కంటే ముందే తీసేశారు. దాని తర్వాత మెక్సికోని కూడా కలుపుకుని వచ్చిన నాఫ్టా ఒప్పందంలో కూడా ఇలాంటి విడతలు నడిచాయి. పద్ధతి ఎలా ఉంటుందంటే, పరిశ్రమలు అర్జీ పెట్టుకుంటాయి, రెండు ప్రభుత్వాలూ జాబితాలు చూసుకుంటాయి, అభ్యంతరాలు వింటాయి, ఇద్దరూ ఒప్పుకున్నవే ముందుకి జరుగుతాయి. దీంతో ఒక చిక్కుంది. ఎవరికీ పెద్దగా నొప్పి కలగని వస్తువులే ఈ జల్లెడలోంచి దిగుతాయి. తర్వాత ఎవరైనా వాటినే చూపించి "చూశారా, త్వరగా తీసేసినా ఎవరికీ ఏమీ కాలేదు, మిగతావి కూడా తీసేద్దాం" అంటే అది చెల్లదు. మిగతావి ఆ జాబితాలోకి రాకపోవడానికి కారణమే వాటికి నొప్పి ఉండటం.

ఇంకో తమాషా, తేదీల దగ్గర. జనవరి 1న సుంకం పోతుందని ముందే తెలిస్తే డిసెంబరులో సరుకు తెప్పించే అమాయకుడు ఎవడుంటాడు? ఉన్న నిల్వలతో సర్దుకుని, కొత్త ఏడాది రాగానే ఓడల కొద్దీ దించుకుంటారు. లెక్కల్లో డిసెంబరు పడిపోయి, జనవరి ఎగిరి కనబడుతుంది. ఆ ఎగిరిన దాన్ని సుంకం ఫలితంగా చూపిస్తే ముప్పావు వంతు అబద్ధమే అవ్వచ్చు, కొనుగోలు నెల మారిందంతే. పైగా గడువు ముందుకి జరుపుతారట అన్న పుకారు చాలు, ఆర్డర్లు ఆగిపోతాయి. ఆ చర్చ ఏడాదిపాటు సాగితే ఆ ఏడాదంతా వ్యాపారం డల్‌గా నడుస్తుంది. ఈ ఖర్చుని నేను చూసిన నివేదికల్లో ఎక్కడా కలపలేదు.

ఏది ముందు తీస్తారన్నది ఎంత త్వరగా తీస్తారన్నదానికన్నా ముఖ్యం అని నా నమ్మకం. ఒక వస్తువు ధర బయటి మార్కెట్లో 100, దానిలో వాడే విడిభాగాలు 60, రెండిటి మీదా పది శాతం సుంకం. స్థానిక తయారీదారు 110కి అమ్మి, 66 పెట్టి కొని, 44 మిగుల్చుకుంటాడు. సుంకాలే లేకపోతే మిగిలేది 40, అంటే అతనికి దొరికే రక్షణ పది శాతం. ఇప్పుడు విడిభాగాల సుంకం మాత్రమే ముందుగా తీసేశారు: 110లోంచి 60 పోతే 50. రక్షణ ఒక్కసారిగా 25 శాతానికి ఎగబాకింది! సుంకాల సగటు తగ్గింది, పత్రికల్లో ఉదారీకరణ అని వార్త వచ్చింది, లోపల మాత్రం ఆ పరిశ్రమ చుట్టూ గోడ ఇంకా ఎత్తయింది. విడిభాగాలు వాడే పరిశ్రమలు తొందరపెట్టడంలో ఆశ్చర్యం లేదు.

మూడో దేశం సంగతి కూడా ఉంది. ఒక భాగస్వామికి మాత్రమే సుంకం త్వరగా తీసేస్తే, అంతకంటే చవగ్గా తయారుచేసే ఇంకో దేశపు సరుకు సుంకం బరువుతో ఖరీదైపోయి, కొనుగోలు ఈ భాగస్వామి వైపు మళ్ళుతుంది. ఆర్థికవేత్త జేకబ్ వైనర్ 1950లోనే చెప్పిన మాట ఇది. వాణిజ్యం పెరిగినట్టు కనబడుతుంది, దేశం మాత్రం ఖరీదైన చోట కొంటోంది. గడువు ముందుకి జరిపితే ఈ దారి మళ్ళడం కూడా ముందుకే జరుగుతుంది.

ఉద్యోగాల విషయానికొస్తే నేను ఎప్పుడూ వెనక్కి వెళ్ళేది కెనడా మీద ఆర్థికవేత్త డేనియల్ ట్రెఫ్లర్ 2004లో ప్రచురించిన అధ్యయనానికే. కెనడా సుంకాలు ఎక్కువగా తెగిన పరిశ్రమల్లో ఉద్యోగాలు 12 శాతం తగ్గాయి, ఉత్పాదకత 15 శాతం పెరిగింది. ఈ రెండంకెల్లో ఒక్కటే చెప్పి ఊరుకునేవాళ్ళని నేను నమ్మను. ఉద్యోగం పోవడం వెంటనే జరుగుతుంది, ఉత్పాదకత ఫలం మెల్లగా, చాలావరకు వేరేవాళ్ళకి అందుతుంది. విడతలుగా గడువు పెట్టేదే ఈ రెండిటి మధ్య ఖాళీని కాస్త పూడ్చడానికి. యంత్రాలు అరిగే వేగంతో, మనుషులు రిటైరయ్యే వేగంతో సర్దుబాటు జరగాలని. ఆ గడువు నమ్మి అప్పు చేసి యంత్రం కొన్నవాడికి మధ్యలో గడువు మారిపోతే టెన్షన్ కాక ఏముంటుంది? అలాగని ఎప్పుడూ ఆగాలనీ అనను. యూరప్‌లో ఆరు దేశాలు తమ మధ్య సుంకాలు ఎత్తేసే పనికి 1958 నుంచి పన్నెండేళ్ళు పెట్టుకుని, దాన్ని 1968 జులై 1కల్లా, ఏడాదిన్నర ముందే ముగించేశాయి. అప్పుడు వాటి ఆర్థిక వ్యవస్థలు పరుగు మీదున్నాయి, ఒక ఫ్యాక్టరీ మూతపడితే ఇంకోచోట పని దొరికేది. మంచి రోజుల్లో త్వరపడటం వేరు.

ఇదంతా అసలు గడువు కాగితం మీద ఉన్నట్టే అమలవుతోంది అనుకుంటేనే. నాఫ్టాలో మెక్సికో మొక్కజొన్నకి 2008 దాకా సమయం ఇచ్చుకుంది. 1994లో 25 లక్షల టన్నుల వరకు సుంకం లేదు, ఆ కోటా దాటితే 200 శాతానికి పైగా, అది ఏటా తగ్గుతూ రావాలి. కానీ చాలా ఏళ్ళు కోటాకి మించి సరుకు వచ్చింది, దాని మీద వేయాల్సిన సుంకాన్ని మెక్సికో ప్రభుత్వమే చాలావరకు వసూలు చేయకుండా వదిలేసింది. రైతుకి రాసిచ్చిన పద్నాలుగేళ్ళ రక్షణ మొదటి కొన్నేళ్ళలోనే కరిగిపోయింది. దీనికి ఒప్పందం మార్చలేదు, ఎవరూ అర్జీ పెట్టలేదు, ఏ జాబితాలోనూ ఇది త్వరపరచిన వస్తువుగా కనబడదు. ఒప్పందంలోని పట్టిక ముందు పెట్టుకుని "మొక్కజొన్న సుంకం త్వరగా తీసేస్తే ఎంత లాభం" అని అప్పట్లో ఎవరైనా మోడల్ కట్టి ఉంటే, అప్పటికే వసూలు కాని సుంకాన్ని రద్దు చేసి దాని లాభాన్ని నాలుగు దశాంశ స్థానాల దాకా చూపించి ఉండేవారు.