సోమవారం కడుపునొప్పి

మా బాబు తొమ్మిదో తరగతి. పోయిన ఆగస్టులో మొదలైంది ఈ కడుపునొప్పి, అదీ సోమవారం పొద్దున్నే. యూనిఫాం వేసుకుని, ఒక కాలికి షూ తొడుక్కుని, రెండోది చేతిలో పట్టుకుని గుమ్మంలో అలాగే కూర్చుండిపోయేవాడు. నాటకాలనుకుని నేను కోప్పడ్డాను, అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు ఉసూరుమంటుంది. అరండల్‌పేటలో పిల్లల డాక్టరు స్కానింగ్, రక్తపరీక్షలు అన్నీ చూసి, "నొప్పి నిజమేనమ్మా, కానీ కడుపులో ఏ జబ్బూ లేదు, స్కూల్లో ఏం జరుగుతోందో కనుక్కోండి" అన్నారు.

అడిగితే చెప్పలేదు. ఒకరోజు రాత్రి కరెంటు పోయి డాబా మీద పడుకున్నప్పుడు వాడే చెప్పాడు. వారం పరీక్ష మార్కులు సోమవారం ప్రేయర్‌లో పేర్లతో సహా చదువుతారట, తగ్గినవాళ్ళని కింది సెక్షన్‌కి మారుస్తారట. వాణ్ణి జులైలోనే మార్చారు. స్నేహితులంతా పాత సెక్షన్‌లోనే ఉన్నారు, నెల రోజులుగా వాడు అన్నం ఒక్కడే తింటున్నాడు.

మర్నాడు 14416కి ఫోన్ చేశాను. టెలీ మానస్ అని, మనసుకి సంబంధించిన ఇబ్బందులకి సలహా చెప్పే ఫోన్ సేవ, కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టింది, డబ్బులేమీ అక్కర్లేదు, ఏ వేళప్పుడైనా తెలుగులో మాట్లాడతారు. మనవాళ్ళు ఇలాంటి ఫోన్ అనగానే భయపడతారు, భయపడకండి. ఫోన్ ఎత్తినావిడ ఓపిగ్గా అంతా విని, పూర్తిగా మాన్పించొద్దు, మానేకొద్దీ మళ్ళీ వెళ్ళడం కష్టమవుతుంది, ఒంటిపూట బడికైనా సరే పంపండి, అక్కడ వాడు నమ్మే టీచరు ఒక్కరుండేలా చూడండి అని చెప్పింది.

ప్రిన్సిపల్ గారు మొదటిసారి "ఈ వయసులో మామూలేనమ్మా" అని పంపించేశారు. రెండోసారి కాగితం రాసుకుని వెళ్ళాను. విశాఖపట్నంలో నీట్‌కి చదువుతూ చనిపోయిన 17 ఏళ్ళ అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో తీర్పు ఇచ్చింది, 100 మంది, అంతకు మించి పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని, మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయడం, నలుగురిలో అవమానించడం వీలైనంతవరకు మానాలని. అదంతా రాసి, కింద నేను అడిగేది మూడే ముక్కల్లో పెట్టాను: పేర్లు చదవొద్దు, రెండు వారాలు ఒంటిపూట బడికి ఒప్పుకోండి, వాణ్ణి కనిపెట్టుకుని ఉండే టీచరు ఒకరు కావాలి. ఆయన ఈసారి పూర్తిగా చదివారు.

ఆ మూడోది సైన్సు మాస్టారు తీసుకున్నారు. ఆయన వాణ్ణి కూర్చోబెట్టి ధైర్యం చెప్పడంలాంటివేమీ చేయలేదు, ప్రేయర్‌కి ముందు ల్యాబ్‌కి రమ్మని, మైక్రోస్కోపు కింద పెట్టే ఉల్లిపొర స్లైడ్లు తయారుచేసే పని అప్పగించారు, అంతే. పొర చిరగకుండా తీయడం, నీటిబొట్టులో ముడత పడకుండా పరచడం, పైన కవర్ స్లిప్‌ని ఏటవాలుగా దించడం, లేకపోతే గాలిబుడగలు పడతాయట. ఇంట్లో కూడా కూర తరుగుతుంటే పక్కన చేరి ఆ పొరలు తీసేవాడు. మూడో వారంలో అనుకుంటా, సోమవారం పొద్దున వాడంతట వాడే "అమ్మా, రెండు ఉల్లిపాయలు బ్యాగులో పెట్టు, మాస్టారు ఎదురుచూస్తుంటారు" అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి కాసేపు అక్కడే ఉండిపోయాను.

నొప్పి ఇప్పటికీ పరీక్షలప్పుడు వస్తుంది, కానీ బడి మానట్లేదు. ప్రేయర్‌లో పేర్లు చదవడం ఆపేశారు. వారానికి ఒకరోజు కౌన్సెలర్ వస్తున్నారు. సెక్షన్లు మాత్రం ఇంకా మార్కుల్ని బట్టే ఉన్నాయి, వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో దాని గురించి ఏడుగురం తల్లిదండ్రులం సంతకాలు పెట్టి ఇస్తున్నాం.