సైకిల్ దిగాక కడుపు మొరాయింపు: ఇప్పటిదాకా తేలినవి

గోవాలో జరిగే 70.3 ట్రయాథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు వరసగా చేసే పోటీ) కోసం మా గ్రూపుతో సాధన చేస్తుంటే మళ్లీ అదే తంతు. సైకిల్ దిగి, బూట్లు మార్చుకుని పరుగు మొదలుపెట్టానో లేదో, మూడో కిలోమీటరుకి పొట్ట బిగుసుకుపోయింది. నాలుగో కిలోమీటరులో లోపల నీళ్ల గుడగుడ పక్కన పరిగెడుతున్న చిన్నోడికి కూడా వినిపించిందట. అయిదులో సర్వీస్ రోడ్డు పక్కన కూలబడ్డాను. "అన్నా, కక్కేస్తే పోతది, కక్కెయ్" అన్నాడు. కక్కాను. పోలేదు.

మిగతావి ముందే చెప్పేస్తా, వాటిలో పెద్దగా చెప్పడానికేం లేదు. పూల్‌లో 1.9 కిలోమీటర్లు ఆగకుండా 47 నిమిషాలు. నార్సింగి నుంచి కొల్లూరు సైకిల్ ట్రాక్ మీద రెండు రౌండ్లు, 58 కిలోమీటర్లు, సగటు వేగం 27.5. గోవా 70.3కి ఈ రెండూ చాలు. అక్కడ ఈత 1.9, సైకిల్ 90, పరుగు 21.1, అన్నీ కలిపి ఎనిమిదిన్నర గంటల్లో ముగించాలి. నా లెక్కన పరుగుకి మూడున్నర గంటల పైనే మిగులుతుంది. "నడిచినా మెడల్ వస్తుంది కదా" అంటుంది ఫిజియో అక్క. నడవడానికా అంత ఫీజు కట్టింది?

ఇక కడుపు సంగతి. కారులో బరువు చూసుకునే మెషీన్ పెట్టుకుని వెళ్తున్నాను. సైకిల్ ఎక్కేముందు 71.4 కిలోలు, దిగి ఒళ్లు తుడుచుకున్నాక 70.3. మధ్యలో తాగింది 1.6 లీటర్లు. అంటే రెండు గంటల పైచిలుకులో 2.7 లీటర్ల చెమట, గంటకి దాదాపు 1.3. వాచీ 0.9 అంటోంది, నేను తూకాన్నే నమ్ముతాను. తగ్గింది ఒంటి బరువులో ఒకటిన్నర శాతమే కాబట్టి నీళ్లు చాలకపోవడం కాదు. కానీ తాగిన నీళ్లు ఒంట పట్టాయా, పొట్టలోనే నిలిచాయా అన్నది మెషీన్ చెప్పదు. ఆ గుడగుడ వింటే నిలిచాయనే అనిపిస్తోంది.

మొదట సైకిల్ మీద తాగే డ్రింకు చిక్కదనాన్ని అనుమానించాను. 750 మిల్లీలీటర్ల బాటిల్‌లో 90 గ్రాముల మాల్టోడెక్స్ట్రిన్ (శక్తి కోసం కలిపే పిండిపదార్థం పొడి) కలిపేవాణ్ణి, అంటే 12 శాతం. ఎనిమిది శాతం దాటితే పొట్ట ఖాళీ అయ్యే వేగం తగ్గుతుందని తెలిసిందే. 45 గ్రాములకి దించాను. గుడగుడ కొంచెం తగ్గింది, బిగుతు అలాగే ఉంది.

తర్వాత అనుమానం పిండిపదార్థం రకం మీదికి పోయింది. గ్లూకోజ్, మాల్టో రెండూ పేగులో ఒకే దారిలో వెళ్తాయి, గంటకి 60 గ్రాముల దగ్గర ఆ దారి నిండిపోతుంది. ఫ్రక్టోజ్‌ది వేరే దారి. దానికోసం వేలు పోసి దిగుమతి పొడులు కొనక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. పంచదారలో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజే. 30 గ్రాముల పంచదార, 15 గ్రాముల మాల్టో కలిపితే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ 2:1 నిష్పత్తిలో వచ్చేస్తాయి. ఇంత నిమ్మరసం పిండితే రుచి కూడా బాగుంటుంది. ఇది మొదలుపెట్టిన వారం నొప్పి అయిదో కిలోమీటరుకి జరిగింది. గ్రూపులో ఫైర్ ఎమోజీలు పెట్టుకున్నాం. మరుసటి వారం మళ్లీ మూడుకే వచ్చేసింది.

ఉప్పు తక్కువైందేమో అన్నాడు బ్యాంకు అన్న. ఆయన ప్రతి రోగానికీ ఎలక్ట్రాల్ ఓఆర్‌ఎస్ పొడే మందంటాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లీటరు ఓఆర్‌ఎస్‌లో 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు ఉంటాయి. విరేచనాలకి అది అద్భుతమే. కాళ్లకి ఇంధనంగా ఆ గ్లూకోజ్ ఏ మూలకీ రాదు, ఆ ఉప్పదనం రెండు గంటలు తాగడం నా వల్ల కాదు. అలాగని తీపి డ్రింకులకి ఓఆర్‌ఎస్ పేరు తగిలించి అమ్మినవాళ్లని సమర్థించను. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లపాటు పోరాడాక 2025లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దంది, మంచి పని. నీళ్లలో వేస్తే బుస్సుమని కరిగే ఫాస్ట్ అండ్ అప్ లవణాల బిళ్లలు అక్కకి పడతాయి. ఉబ్బిన పొట్టలోకి బుడగల నీళ్లు నాకొద్దు. లీటరుకి ఒకటిన్నర గ్రాముల ఉప్పు దగ్గర స్థిరపడ్డాను, సోడియం 600 మిల్లీగ్రాముల దాకా వస్తుంది. బిగుతులో తేడా లేదు.

ఎండ సంగతీ చూశాను. సైకిల్ ట్రాక్‌కి పైన సోలార్ ప్యానెళ్ల కప్పు ఉంది, నీడలోనే తొక్కుతాం. ఏడున్నరకి పరుగు మొదలుపెట్టేసరికి ఎండ నేరుగా మీద పడుతుంది. గుండె వేగం 138 నుంచి 161కి ఎగబాకుతుంది. రక్తమంతా కాళ్లకీ చర్మానికీ పోతే కడుపుకి ఏం మిగులుతుంది? అందుకని చీకట్లోనే మొదలుపెట్టి ఏడులోపు పరుగు కూడా ముగించి చూశాం. గుండె 150 దాటలేదు. నొప్పి వచ్చింది గానీ సగమే.

ముందు రాత్రి పెసరట్టు మానేశాను. పొద్దున ఇడ్లీ, పల్లీ చట్నీ బదులు బ్రెడ్డు, అరటిపండు. అమ్మ అలిగింది, కడుపు మారలేదు. ఇడ్లీ నిర్దోషి అని తేల్చేశాను, చట్నీ మీద కేసు ఇంకా నడుస్తోంది.

అసలు ఆధారం అనుకోకుండా దొరికింది. నా సైకిల్ వెనక చక్రం హబ్ పాడైతే, ఏరోబార్లు (ముందుకి వాలి మోచేతులు ఆనించే హ్యాండిల్ కడ్డీలు) లేని చిన్నోడి రోడ్ బైక్ తీసుకున్నాను. అదే డ్రింకు, అవే రెండు రౌండ్లు. దిగాక ఎనిమిది కిలోమీటర్లూ 6.25 పేస్‌లో (కిలోమీటరుకి 6 నిమిషాల 25 సెకన్లు) పరిగెత్తాను, కాస్త ఉబ్బరం తప్ప ఏమీ లేదు! అక్క నా సైకిల్ మీద వీడియో తీసి చూపించింది: ఏరోబార్ల మీద వాలినప్పుడు పెడల్ పైకి వచ్చిన ప్రతిసారీ తొడ పొట్టని నొక్కేస్తోంది. రెండు గంటల పాటు అలా నొక్కుతూ ఉంటే ఏ పొట్టయినా మొరాయించదూ? కానీ ఆ రోజు మబ్బు పట్టి ఉంది. కప్పు దాటినా ఎండ లేదు. కాబట్టి ఏరోబార్లా, ఎండా అన్నది తేలలేదు.

ఈసారి నా సైకిలే. ఏరోబార్ల కింద 20 మిల్లీమీటర్ల స్పేసర్లు వేయించి వాటిని ఎత్తు పెంచాను. వేగం పోతుందని బ్యాంకు అన్న గోల పెడుతున్నాడు, పోనీ. డ్రింకు, ఉప్పు, బయల్దేరే టైము ఏవీ మార్చను. వాతావరణం మాత్రం మన చేతిలో లేదు. అప్పుడూ ఆగకపోతే, ఆఖరి ఇరవై నిమిషాలు ఉత్త నీళ్లు గుక్కెడు గుక్కెడు తాగి చూడాలి. మామూలు రోజుల్లో చిన్న పరుగులకి ముందు 300 మిల్లీలీటర్లు తాగి పరిగెత్తడం మొదలుపెట్టాను, పొట్టకి అలవాటు కావాలి. మొదటిసారి పార్కులో జనం వింతగా చూశారు.

గోవాలో ఈదాల్సిన సముద్రం సంగతి ఇంకా మొదలే కాలేదు. పూల్‌లో గీత చూసుకుంటూ ఈదడం వేరు, అలల్లో తల ఎత్తి బోయ్ (దారి చూపే తేలే గుర్తు) వెతుక్కోవడం వేరు. వైజాగ్‌లో బావమరిది ఉన్నాడు, రుషికొండ దగ్గర లైఫ్‌గార్డులు ఉండే టైములో ఒక వారాంతం దిగాలి. చిన్నోడికి ఈత కంటే కార్బన్ చక్రాల మీదే ధ్యాస. ఆ డబ్బుతో ముగ్గురం వైజాగ్ రెండుసార్లు వెళ్లి రావచ్చని చెప్తున్నా, వినట్లేదు. టికెట్లు మాత్రం ఈ రాత్రే చూస్తున్నాను. గోదావరిలో బెర్తులు దొరికితే సరే, లేకపోతే సైకిళ్లు కారు మీదెక్కించి రోడ్డు మీదే.