మేడ మీద నుంచి లేబుల్ కొట్టాలంటే – నా అనుభవం

మా ఆఫీసు విశాఖపట్నం అక్కయ్యపాలెంలో ఒక రెండంతస్తుల ఇల్లు. కింద ప్యాకింగు, డిస్పాచ్. పైన అకౌంట్స్, అంటే నేను. అరకు కాఫీ పొడి, మిరియాలు, పసుపు ప్యాకెట్లు కట్టి కొరియర్లో పంపుతాం. లేబుల్ ప్రింటరు కింద డిస్పాచ్ బల్ల మీద ఉంటుంది. లేబుల్ మీద పడాల్సిన ఎమ్మార్పీ, బ్యాచ్ నంబరు, ప్యాక్ చేసిన నెల మాత్రం పైన నా దగ్గర తయారవుతాయి. అందుకని రెండేళ్లుగా పెన్‌డ్రైవ్ పట్టుకుని 22 మెట్లు దిగడం, ఎక్కడం. రేటు మారిందంటే మళ్లీ దిగడం. నాకేమైనా పాతికేళ్లా? సంక్రాంతి ఆర్డర్లు మొదలవగానే ఓనరు గారికి చెప్పేశాను, ఆ ప్రింటరు నా సీట్లోంచి పనిచేసేలా చూడండి, లేకపోతే నా కుర్చీ కిందికి దింపండి అని.

నిజానికి నెట్‌వర్క్ పోర్టు ఉన్న ప్రింటరు కొంటే ఈ గొడవే ఉండేది కాదు. కేబుల్ తెచ్చి రౌటర్‌కి గుచ్చితే చాలు, అందరికీ కనిపిస్తుంది. కొనే రోజే ఆ మాట అన్నాను. యూఎస్‌బీది చవగ్గా వస్తుందని దాన్నే తెచ్చారు. మిగిలిన ఆ డబ్బులు తర్వాత ఎలా పోయాయో చెబుతాను.

యూఎస్‌బీది ఒక్క కంప్యూటరుకే తగులుతుంది కాబట్టి, దాన్ని నెట్‌వర్కులో మిగతావాళ్లతో పంచుకోవాలి, అదే షేరింగు. అది పెట్టడం పెద్ద పనేం కాదు. ప్రింటరు తగిలించి ఉన్న కంప్యూటర్లో ప్రింటర్ ప్రాపర్టీస్, అందులో షేరింగ్ ట్యాబు, ఒక టిక్కు. షేరు పేరులో ఖాళీలు లేకుండా చిన్నగా పెట్టుకోండి, నేను ‘లేబుల్1’ అని పెట్టాను. రెండు కంప్యూటర్లలోనూ నెట్‌వర్కు ‘పబ్లిక్’ అని ఉంటే ‘ప్రైవేట్’ చేయాలి, లేకపోతే ఒకదానికొకటి కనపడవు. పాస్‌వర్డ్ అడుగుతుంటే ఆ రక్షణే తీసేయమని చాలామంది చెబుతారు. తీయకండి. మా వైఫై పాస్‌వర్డ్ గోడ మీద రాసి ఉంది, వచ్చిన ప్రతి కొరియర్ కుర్రాడి ఫోన్లోనూ ఉంది. కింది కంప్యూటర్లో ప్రింటింగు కోసమని విడిగా ఒక యూజర్ని తయారుచేసి, ఆ పేరూ పాస్‌వర్డూ నా దాంట్లో ఒక్కసారి ఇచ్చాను. అంతే. డ్రైవరు, అంటే ప్రింటరుతో మాట్లాడే సాఫ్ట్‌వేరు, ఎక్కడానికి అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలంది, ఓనరు గారు వచ్చి కొట్టి వెళ్లారు.

అక్కడ తగిలింది మొదటి దెబ్బ. కనెక్ట్ కాలేదు. సున్నా, ఎక్స్, వరసగా సున్నాలు, చివర్న 11బి అని ఒక ఎర్రరు. కంప్యూటర్లు అమ్మిన షాపు వాళ్లకి ఫోన్ చేస్తే ఒక అబ్బాయి వచ్చాడు. రిజిస్ట్రీ, అంటే విండోస్ లోపలి సెట్టింగుల చిట్టా, తెరిచి ఏదో ఒక విలువని సున్నా చేయబోయాడు. ఏమిటి బాబూ అది అంటే, “ఏం కాదు మేడం, అందరికీ ఇదే చేస్తాం” అన్నాడు. ‘అందరికీ ఇదే’ అని ఎవరన్నా అంటే నాకు చెయ్యి ఆపాలనిపిస్తుంది, అకౌంట్స్‌లో పాతికేళ్ల నుంచీ ఉన్నాను మరి. ఆపమన్నాను. ఆ రాత్రి ఇంట్లో కూర్చుని చదివితే తెలిసింది. 2021లో విండోస్ ప్రింటింగులో వరసగా కంతలు బయటపడ్డాయి. వాటిలో ఒకదాన్ని మూసే తాళం ఆ ఏడాది సెప్టెంబరు అప్‌డేట్‌తో గట్టిగా బిగించారు. ప్రింటరు ఉన్న మిషనుకి ఆ తాళం ఉండి, అడిగే మిషను పాతకాలంలోనే ఉండిపోతే ఈ 11బి వస్తుంది. ఆ అబ్బాయి చేయబోయింది తాళం తీసి జేబులో వేసుకోవడం. కింది కంప్యూటరు కొత్తది. నాది 2020లో కొన్నది. దాని అప్‌డేట్లు అప్పుడే ఆపేసిందెవరనుకున్నారు? “స్లో అయిపోద్ది మేడం” అంటూ ఇదే షాపు వాళ్లు! అప్‌డేట్లు మళ్లీ ఆన్ చేసి రెండు రాత్రులు మిషను వదిలేశాను. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి కానీ, అప్పటిదాకా రావాల్సినవన్నీ దిగాయి. మూడో రోజు పొద్దున ప్రింటరు నా లిస్టులో చక్కగా కూర్చుని ఉంది.

నా అంతటి దాన్ని నేనే అనుకున్నాను. అదే కొంప ముంచింది.

ఆ మధ్యాహ్నం ఒక హోటల్ వాళ్ల ఆర్డరు వెళ్లాలి. 50 లేబుల్స్. కింద కొరియర్ కుర్రాడు బండి ఆపుకుని నిలబడ్డాడు. ఆ హోటల్ మేనేజరు గారు కూడా సరుకు చూసుకోవడానికి వచ్చి ఓనరు గారి పక్కన కూర్చున్నారు. ముందు ఒకటి కొట్టి చూడాలి కదా. చూడలేదు. పైన కూర్చుని 50 అని కొట్టి, ఎంటర్ నొక్కి, టీ కప్పు అందుకున్నాను. కింద గిర్రుమని ప్రింటరు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు ఎంత హాయిగా ఉందో! 22 మెట్ల దూరం నుంచి నా మాట వింటోంది అనుకున్నాను.

టీ సగంలో ఉండగా మా ప్యాకింగు పెద్దమ్మ గొంతు. “ఓలమ్మో! ఇయ్యేటి, అన్నీ తెల్లగానే వత్తన్నాయి!”

పరుగున దిగాను. ప్రింటరు నోట్లోంచి లేబుల్స్ రిబ్బనులా వచ్చి, బల్ల దాటి, నేల మీద చుట్టలు చుట్టుకుంటున్నాయి. ఒక లేబుల్ మీద అక్షరాలు. తర్వాత ఐదు తెల్లవి. మళ్లీ ఒకటి, మళ్లీ ఐదు తెల్లవి. డిస్పాచ్ కుర్రాడు “అక్కా, ఆపండక్కా” అని మూత పట్టుకుని నిలబడ్డాడు, తెరవాలో వద్దో తెలీక. క్యాన్సిల్ చేద్దామని మళ్లీ పైకి పరిగెత్తాను. నా క్యూలో, అంటే ప్రింటుకి వేచి ఉన్న పనుల వరసలో, ఏమీ లేదు, ఖాళీ. పని మొత్తం కింది కంప్యూటరు చేతికి వెళ్లిపోయింది, ఇక నాకు సంబంధం లేదు. మళ్లీ కిందికి. ఈలోపు కుర్రాడు స్విచ్చి ఆపేశాడు. హమ్మయ్య అనుకున్నాం. ఓ నిమిషం ఆగి ఆన్ చేస్తే, ఆపిన దగ్గర్నుంచి మొదలెట్టింది! ఒకటి నలుపు, ఐదు తెలుపు. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొరియర్ కుర్రాడైతే ఆ మొహమాటం కూడా లేకుండా నవ్వాడు.

ఓనరు గారు ఒక తెల్ల లేబుల్ ఒలిచి, వేలికి అంటించుకుని, మేనేజరు గారి ముందే అన్నారు: “ఏమ్మా, కాఫీ మానేసి తెల్ల కాగితాలు అమ్ముకుందామా?”

పాతికేళ్లలో ఒక్క రూపాయి తేడా రానివ్వని మనిషిని. చెవులు కాలిపోయాయి.

స్విచ్చి ఆపితే ఆగదు, అది గుర్తుపెట్టుకోండి. పని ప్రింటర్లో కాదు, దాన్ని పట్టుకున్న కంప్యూటర్లో ఉంటుంది. అక్కడి క్యూ తెరిచి తీసేయాలి. ఎంతకీ పోకపోతే సర్వీసెస్‌లోకి వెళ్లి పనుల్ని వరసలో పెట్టి ప్రింటరుకి అందించే ‘ప్రింట్ స్పూలర్’ ఆపి, సీ డ్రైవులో విండోస్, సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ అనే ఫోల్డర్లో ఉన్నవి తుడిచేసి, స్పూలర్ మళ్లీ మొదలుపెట్టాలి. మేం అదే చేశాం, మొత్తం రోలు పోయేలోగా.

అసలు అవమానం ఆ తర్వాత. కుర్రాడు తన సీట్లోంచి అదే ఫైలు తెరిచి 50 కొట్టాడు. 50కి 50, అచ్చు గుద్దినట్టు వచ్చాయి. ఒక్క తెల్లది లేదు. అంటే ప్రింటరు బాగుంది, రోలు బాగుంది, ఫైలు బాగుంది. ఇక మిగిలిందెవరు? “పైనున్నావిడ కొడితేనే అలా వస్తోంది సార్” అని ఎవరో అన్నారు. ఎవరో నాకు తెలుసు. రాయను.

షాపు అబ్బాయిని మళ్లీ పిలిచారు. ప్రింటరు ఆపి, ఫీడ్ బటన్ నొక్కి పట్టుకుని ఆన్ చేశాడు. అది నాలుగు లేబుల్స్ ముందుకి తోసి, మధ్య సందు ఎంతుందో కొలుచుకుంది. దాన్ని క్యాలిబ్రేషన్ అంటారు. రోలు మార్చినప్పుడు చేయాల్సిన పనే, కాదనను. కానీ కింది నుంచి సరిగ్గానే వస్తుంటే అది దేనికి? కింద కూర్చునే టెస్టు కొట్టి చూపించి, 500 రూపాయలు విజిటింగ్ ఛార్జీ తీసుకుని, పోతూ పోతూ గుమ్మంలో “యూజర్ మిస్టేక్ సార్” అన్నాడు. నేను మెట్ల మీదే ఉన్నాను. మనిషి వినేంత దూరంలో ఉండగా అలా మాట్లాడకూడదని వీళ్లకి ఎవరూ నేర్పరా? పని రానివాడికి ఎదుటి మనిషి తప్పే ముందు కనపడుతుంది.

ఆ ఆదివారం నిద్ర పట్టలేదు. ఒక్కటే తొలుస్తోంది. ఎందుకు ఐదే? నాలుగు కాదు, ఏడు కాదు, ప్రతిసారీ ఐదు తెల్లవి. లెక్క ఎప్పుడూ ఊరికే రాదు. లేచి కాగితం మీద వేశాను. మా లేబుల్ ఎత్తు 25 మిల్లీమీటర్లు. మధ్య సందు 3. ఒక్కో లేబుల్‌కి 28. నలుపుతో కలిపి ఆరు, అంటే 168. ఐదైతే 140. అంటే ప్రింటరుకి ఎవరో 140కీ 168కీ మధ్య ఏదో పొడవు చెబుతున్నారు, అది అంత దూరం నడిచి తర్వాతి సందు దగ్గర ఆగుతోంది. ఆ మధ్యలో ఉన్న సైజు ఏమిటి? కొరియర్ డబ్బాల మీద అంటించే పెద్ద లేబుల్, 4 అంగుళాలు బై 6. ఆరు అంగుళాలంటే 152 మిల్లీమీటర్లు. దొరికింది దొంగ!

మా దగ్గర ఆ సైజు రోలు ఎప్పుడూ లేదు. డ్రైవరు పుట్టుకతో తెచ్చుకున్న సైజు అది. మరి కింద కుర్రాడికి 50 బై 25 ఎలా వస్తోంది? ఇక్కడే ఉంది మెలిక. ప్రింటరుకి సెట్టింగులు పెట్టే చోట్లు రెండు. కుడి క్లిక్కు కొడితే వచ్చే ‘ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్’ ఒకటి. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబు అడుగున ‘ప్రింటింగ్ డిఫాల్ట్స్’ అనే బటన్ ఇంకొకటి. రెండూ తెరిస్తే లోపల కవల పిల్లల్లా ఒకేలా ఉంటాయి. మొదటిది ఆ కంప్యూటర్లో ఆ యూజర్ ఒక్కడికే. అందులో కుర్రాడు ఎన్ని మార్చుకున్నా అతని వరకే. నెట్‌వర్కులో వచ్చి తగులుకునే వాళ్లకి వెళ్లేది రెండోది. అందులో 4 బై 6 అలాగే కూర్చుని ఉంది. అతను తన కంచంలో ఉప్పు వేసుకున్నాడు, కూరలో వేయలేదు. నేను తిన్నది కూర.

సోమవారం అందరికంటే ముందు వెళ్లి, కింది కంప్యూటర్లో డిఫాల్ట్స్ తెరిచి సైజు మార్చాను. పైకి వచ్చి ఒకటి, ఒక్కటే కొట్టాను. దిగి చూస్తే మళ్లీ ఐదు తెల్లవి. ఏడుపొచ్చింది. కానీ అది నా చేతి చలవే. అంతకుముందు కంగారులో నా వైపు ప్రిఫరెన్సెస్‌లో ఏవేవో కెలికాను, నా కంప్యూటరు వాటినే పట్టుకుని కూర్చుంది. నా దగ్గర ఆ ప్రింటరుని తీసేసి, మళ్లీ కొత్తగా కలిపాను. లేబుల్ ఫైలు కూడా పాత సైజు గుర్తుపెట్టుకుంటుంది, అందులోనూ పేజీ సెటప్ మార్చి సేవ్ చేశాను. ఈసారి ఒకటి కొడితే ఒకటే వచ్చింది. రెండు కొడితే రెండు. 22 మెట్లు ఆ పొద్దున ఎన్నిసార్లు ఎక్కి దిగానో లెక్కపెట్టలేదు.

ఇంకో రెండు మాటలు. తెలుగు లేబుల్ వేసేవాళ్లు ప్రింటరు సొంత ఫాంట్ల జోలికి వెళ్లకండి, వాటిలో తెలుగు ఉండదు. విండోస్ ఫాంటుతో బొమ్మలా పంపాలి. మా ప్రింటరు 203 డీపీఐ, అంటే మిల్లీమీటరుకి ఎనిమిది చుక్కలు. మరీ చిన్న అక్షరం పెడితే వత్తులు మూసుకుపోతాయి. ‘స్వచ్ఛమైన’ అన్న మాటలో ఛ వత్తు నల్ల చుక్కయి కూర్చుంది, సైజు పెంచాక గాని విడలేదు. ఇంకొకటి, ప్రింటరు ఉన్న కంప్యూటరు నిద్రపోతే మీకు ప్రింటరు ఆఫ్‌లైన్ అంటుంది. కుర్రాడు భోజనానికి వెళ్లినప్పుడల్లా నాకు అదే. పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్ ‘నెవర్’ చేయించాను.

పోయిన తెల్ల లేబుల్స్‌ని కుర్రాడు పెన్సిలుకి చుట్టి దాచాడు. పెద్దమ్మ ఓ మూర చింపుకుని మనవడి నోటు పుస్తకాల మీద పేరు రాయడానికి పట్టుకెళ్లింది. డిఫాల్ట్స్ సంగతి ఓనరు గారికి స్క్రీన్ మీద చూపించాను, ఆ ఆరు అంగుళాల లెక్క కూడా కాగితం మీద వేసి చూపించాను. “మరి ఆ 500?” అన్నారు. అడిగి వెనక్కి తెప్పించుకోండి అన్నాను. ఇప్పుడు తన ల్యాప్‌టాప్‌కి కూడా కలపమంటున్నారు. సంక్రాంతి వెళ్లాక చూద్దాం అని చెప్పాను.