పూండి మీదుగా ఊత్తుకోట బస్సు

సురుటుపల్లి శివుడి గుడికి వెళ్లాలంటే చెన్నైలో అందరూ పెరియపాళెం దారే చెబుతారు. నేను లోకల్ రైల్లో తిరువళ్లూరు దాకా పోయి, పూండి మీదుగా ఊత్తుకోట వెళ్లే బస్సెక్కాను. బస్సు ఎప్పుడొస్తుందో చెప్పే నాథుడు లేడు. ఎండకు తాళలేక ముంజల బండి దగ్గరికి పోతే డజను వంద రూపాయలన్నాడు. మా రాపూరు వైపు తోటలో చెట్టు కిందే కొట్టించుకుని తిన్నవాణ్ణి, ఆ ధరకు కడుపు మండింది. అయినా కొన్నాను.

పూండిలో జలాశయం కట్ట కనిపించింది. చెన్నై మేయరుగా సత్యమూర్తి పట్టుబట్టి 1940లో దీనికి శంకుస్థాపన చేయించారు. 1943లో ఆయన పోయారు, 1944లో జలాశయం పూర్తయింది. ఇప్పుడు దానికి ఆయన పేరే. మేము వెళ్లేసరికి నీళ్లు దూరంగా ఎక్కడో మెరుస్తున్నాయి, ఇవతలంతా గేదెలు మేస్తున్నాయి. చెన్నై అంత నగరం తాగే నీళ్లు ఇవేనా అని దిగులేసింది.

నేను ఫోన్లో మాట్లాడటం విని పక్కన కూర్చున్న పెద్దాయన "ఏం నాయనా, తెలుగోళ్లా?" అన్నాడు. ఊత్తుకోట దగ్గర రైతట. ఊరు దగ్గర పడుతుండగా కిటికీలోంచి వేలు చూపించాడు. "అద్దో, కృష్ణ కాలవ."

సిమెంటు గట్ల మధ్య ఆకుపచ్చ నీళ్లు వడిగా పోతున్నాయి. మా వైపు కండలేరు జలాశయం దగ్గర అది బయల్దేరే చోట ఇంతకుముందు చూసిన కాలువే, సుమారు 150 కిలోమీటర్లు నడిచి ఇక్కడ తమిళనాడులోకి దిగుతోంది. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర తమ కృష్ణా నీళ్లలో తలా 5 టీఎంసీలు వదులుకోవడానికి ఒప్పుకుంటేనే ఈ కాలువ పుట్టింది. దారిలో పోయేది పోగా 12 టీఎంసీలు చెన్నైకి చేరాలని 1983 నాటి ఒప్పందం. తొలిసారి నీళ్లు పూండికి చేరింది మాత్రం 1996లో.

"ముందు మట్టి కాలవే నాయనా. గట్లు తెగిపోయేవి, సగం నీళ్లు భూమే తాగేసేది. పుట్టపర్తి సాయిబాబా సిమెంటు ఏయించినాకే సరిగ్గా వస్తా ఉండాయి" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మా చేని పక్కనే పోతాది. మోటరేస్తే కేసు" అన్నాడు.

నాకేమనాలో తోచలేదు. కండలేరు జలాశయంలో మునిగిన ఊళ్లలో మా అమ్మమ్మగారి ఊరు ఒకటి. ఇల్లు, చింతతోపు, పొలం అన్నీ అందులోనే. ఈ రోజు చెన్నై విల్లివాక్కంలో నా కొళాయిలో వచ్చేదీ ఆ నీళ్లే. ఆ మాట ఆయనతో చెప్తే, చాలాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. "మీ వీధికి రోజూ వస్తాయా?" అని అడిగాడు. రోజు మార్చి రోజు వస్తాయన్నాను. పట్నంలో లారీ నీళ్లకు వేలు పోసే మనవాళ్లంతా ఒక్కసారైనా ఈ బస్సెక్కి ఆ కాలువను, పక్కనే ఎండిన చేలను చూడాలని నాకు గట్టిగా అనిపించింది.

సురుటుపల్లిలో దర్శనం తొందరగానే అయింది. హాలాహలం మింగిన శివుడు పార్వతి ఒడిలో తల పెట్టుకుని పడుకుని ఉంటాడు. ప్రదోషం నాడు వెళ్లకండి, కాలు పెట్టే చోటుండదు. ఊత్తుకోటలో ఆటోవాళ్లు నోటికొచ్చినంత అడుగుతారు. నాగలాపురం వైపు వెళ్లే బస్సెక్కండి, గుడి దగ్గరే దిగొచ్చు.