శ్రుతి చేసుకుంటుండగా అడిగిన ప్రశ్న

మా కమ్యూనిటీ రేడియోలో వారానికి ఒక గంట, సంగీత కళాకారుల్ని స్టూడియోకి పిలిచి లైవ్‌లో వాయింపజేసి, మధ్యమధ్యలో మాట్లాడించే కార్యక్రమం ఉంది. నాలుగేళ్లుగా దాన్ని నేనే చూసుకుంటున్నాను. మా స్టేషన్‌లో అందరం వాలంటీర్లమే, జీతాలూ అవీ లేవు. ఆ గంట కోసం మాత్రం వారమంతా ఎదురుచూస్తాను.

మొదట్లో ముందు పది నిమిషాల ఇంటర్వ్యూ, తర్వాత మూడు పాటలు పెట్టేదాన్ని. ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకునేదాన్ని. సంగీతం మీద ఆసక్తి ఎలా కలిగింది, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, కొత్తవాళ్లకి ఏం చెప్తారు. వాళ్లూ పదిచోట్ల చెప్పిన జవాబులే ఇక్కడా ఒప్పజెప్పేవాళ్లు. వాయిద్యం పట్టుకున్నాక వెలిగిపోయే మనిషి, అంతకు ఐదు నిమిషాల ముందు నా ఎదురుగా బిగుసుకుని కూర్చునేవాడు. తప్పు ప్రశ్నల్లో ఉందా, నాలో ఉందా అని చాలాకాలం అర్థం కాలేదు.

ఒకసారి వయొలిన్, ఫ్లూట్ జంటగా వచ్చారు. మాది చిన్న గది. ఏసీ చప్పుడు, సన్నని శబ్దాన్ని కూడా పట్టేసే మా కండెన్సర్ మైకుల్లో హోరుగా పడుతుంది కాబట్టి లైవ్‌కి ముందు ఆపేస్తాం. ఆరోజు రెండో పాట సగానికి వచ్చేసరికి గది బాగా వేడెక్కింది. వేడికి తీగ సాగి వయొలిన్ శ్రుతి దిగుతుంది, లోపలి గాలి వేడెక్కితే ఫ్లూట్ శ్రుతి పైకెక్కుతుంది. ఒకే చోట మొదలుపెట్టినవాళ్లు చెరో వైపు జరిగిపోతున్నారు, హెడ్‌ఫోన్స్‌లో నాకు ఆ ఎడం సన్నగా తెలుస్తోంది, చేసేదేమీ లేదు. పాట ముగియగానే వయొలిన్ ఆవిడ చెయ్యి, తీగ బిగించే బిరడా మీదికి వెళ్లింది.

లైవ్‌లో ఉన్నాం. నాలుగైదు సెకన్లు శబ్దం లేకపోతే వినేవాళ్లు స్టేషన్ ఆగిపోయిందనుకుంటారు. ఆ టెన్షన్‌లో కాగితం చూడాలని కూడా తోచలేదు. "ఇప్పుడు ఏం చేస్తున్నారో కాస్త మాక్కూడా చెప్పండి" అన్నాను.

ఆవిడ రెండు తీగల మీద కలిపి కమాను లాగారు. "వినండి, ఊగుతోంది కదా అలలాగా" అంటూ బిరడా వెంట్రుకవాసి తిప్పారు. ఆ ఊపు నిదానించింది. ఇంకొంచెం తిప్పారు, ఇంకా నిదానించింది, ఆగిపోయింది. "ఇదీ" అన్నారు. వెంటనే ఫ్లూట్ ఆయన అందుకుని, తనకి బిరడాలు లేవని, ఫ్లూట్‌ని పెదవివైపు కొద్దిగా తిప్పి శ్రుతి తగ్గించుకుంటానని ఊది వినిపించారు. ఆ తర్వాత నేను అడక్కుండానే ఆవిడ, చిన్నప్పుడు తాను శ్రుతి చేసుకుంటుంటే పక్కగదిలోంచి వాళ్లమ్మ "ఇంకా కలవలేదు" అని అరిచేదని, కలిసిన రోజున మాత్రం ఏమీ అనకుండా తన పని తాను చేసుకునేదని చెప్పారు. చెప్పేటప్పుడు ఆవిడ కమాను ఇంకా తీగ మీదే ఉంది.

అప్పట్నుంచి ముందు పాట పెడుతున్నాను. మాటలు పాటల మధ్యలో, వాయిద్యం చేతిలో ఉండగానే. ప్రశ్న కూడా అప్పుడే విన్నదాంట్లోంచి వస్తుంది: ఇందాక చరణం చివర ఎందుకు ఆగారు, ఆ చోట మళ్లీ వాయిస్తారా? అమెరికాలోని సియాటిల్‌లో శ్రోతల విరాళాల మీద నడిచే కేఈఎక్స్‌పీ రేడియో వాళ్ల స్టూడియో వీడియోలు చూడండి, గిటార్ భుజాన ఉండగానే చాలామంది మాట్లాడుతుంటారు. 1972లో విద్యార్థుల రేడియోగా మొదలైన స్టేషన్ అది. వాళ్ల పరికరాలు మనకి రావు గానీ ఈ పద్ధతికి ఖర్చేమీ లేదు.

మైకుల సంగతి మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. మాటలకి వేరే డైనమిక్ మైకు (దూరపు చప్పుళ్లని అంతగా పట్టని రకం) పెడతాం, వాయించేటప్పుడు దాని ఫేడర్, అంటే శబ్దం పెంచే తగ్గించే మీట, కిందికి దించేస్తాం. ఒకే శబ్దం రెండు మైకుల్లోకి కాస్త ముందూవెనకగా చేరితే వయొలిన్ డొల్లగా వినిపిస్తుంది. వాయిద్యానికి మైకు ఎంత దూరమో, మైకుకీ మైకుకీ మధ్య అంతకు మూడింతలు ఉండాలంటారు, మా గదిలో అది అన్నిసార్లూ కుదరదు. సౌండ్ చెక్‌లో పాటలో అన్నిటికంటే గట్టిగా వాయించే భాగమే అడుగుతాను, ఆపైన లెవెల్ ఇంకొంచెం తగ్గిస్తాను, ఎందుకంటే ఎర్ర లైటు వెలిగాక ఎవరైనా ఇంకాస్త గట్టిగానే వాయిస్తారు. ఎఫ్ఎంలో ఎలాగూ 15 కిలోహెర్ట్జ్ దాటిన మరీ హెచ్చు స్థాయి శబ్దాలు పోవు కాబట్టి ఖరీదైన మైకు లేదని దిగులుపడక్కర్లేదు, ఉన్న మైకుని సరైన చోట పెట్టడానికి ఆ సమయం వాడుకోండి.

ఆ ఎపిసోడ్‌ని దాచేటప్పుడు, శ్రుతి చేసుకున్న రెండు నిమిషాలు కట్ చేద్దామని మా టీంలో ఒకరన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇప్పుడు కొత్తగా చేరే వాలంటీర్లకి మొదట వినిపించేది ఆ రెండు నిమిషాలే.